హిస్టరీ డిలీట్ చేసినా మళ్ళీ అవే వస్తున్నాయి, ఇంటిల్లిపాదీ వాడే ఫోను, ఏం చెయ్యాలి?

లేసుపని_నరసాపురం
క్రోమ్‌లో హిస్టరీ తీసేసినా ఫోన్లో మళ్ళీ అవే ఎందుకు కనపడుతున్నాయో ఎవరైనా చెప్పండి. మా ఇంట్లో టచ్ ఫోను ఒకటే. పగలు నా దగ్గరుంటది, లేసు డిజైన్లు చూసుకోడానికి, ఆర్డర్ ఫొటోలు పంపడానికి. సాయంత్రం అత్తగారు యూట్యూబ్‌లో భజనలు పెట్టుకుంటారు, రాత్రి మా మరిది ఆటలకి పట్టుకుపోతాడు. నాకు ఒంట్లో బాగోక చూపించుకుంటే డాక్టరమ్మ గర్భసంచిలో గడ్డలున్నాయేమో అని స్కానింగ్ రాసేరు. భయమేసి గూగుల్లో చదివేను, ఆపరేషన్ చెయ్యాలా, పిల్లలు పుడతారా ఇలాంటివన్నీ. చదవడం అయిపోయేక మూడు చుక్కలు నొక్కి మొత్తం డిలీట్ కొట్టేసేను. మర్నాడు అత్తగారు యూట్యూబ్ తెరిస్తే అన్నిటికన్నా పైన గర్భసంచి గడ్డల వీడియో. మరిది గూగుల్లో గ అని కొట్టగానే నేను వెతికినవే కింద వరసగా వచ్చేయి. నిన్నేమో ఎక్కడిదో ఆసుపత్రి ఆఫర్ అంటా పైనుంచి టింగుమని దిగింది. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, రిపోర్టు వచ్చేక నేనే కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. డిలీట్ అంటే డిలీట్ అవ్వదా?

పూతరేకు
మా ఇంట్లో కూడా ఇదే గోలండి. మా అన్నయ్య నాన్న ఫోన్లో పెళ్ళిసంబంధాల సైటు తెరిచేడంట, అప్పట్నుంచి నాన్న ఫోను నిండా పెళ్ళికూతుళ్ళే. అమ్మ నాన్నని అడిగిన ప్రశ్నలు పగవాడిక్కూడా వద్దు. ఎవరైనా చెప్తే నాక్కూడా పనికొస్తది.

కోనసీమ_కుర్రోడు
అక్కా మీరు ఒట్టి హిస్టరీకే టిక్ పెట్టుంటారు. దాని కింద కుకీస్ అండ్ సైట్ డేటా అని ఉంటది, అది కూడా పెట్టాలి. పైన టైమ్ దగ్గర లాస్ట్ 15 మినిట్స్ అనో లాస్ట్ అవర్ అనో ఉంటది, దాన్ని ఆల్ టైమ్ చెయ్యాలి. ఇంక తిరుగుండదు.

లేసుపని_నరసాపురం
రెండిటికీ పెట్టేను తమ్ముడూ. ఆల్ టైమే పెట్టేను. ఆర్డర్లు చూసుకునే సైటు మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది కూడా. యూట్యూబ్‌లో మాత్రం అలాగే ఉంది.

ఐఫోన్_పాలకొల్లు
ఐఫోన్‌లో ఇదంతా ఎక్కడుంటది?

సెల్‌పాయింట్_తణుకు
లేసుపని గారూ, మీరు చేసినదాంట్లో తప్పేం లేదు, కుర్రోడు చెప్పిందీ తప్పు కాదు, కానీ అది సగమే. షాపులో రోజూ ఇదే చెప్తుంటాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

క్రోమ్‌లో మీరు తుడిచింది బ్రౌజర్ రాసుకున్న చిట్టా. ఫోన్లో జీమెయిల్ అకౌంట్ వేసుంటది కదా, మీరు గూగుల్లో ఏం వెతికినా ఆ అకౌంట్ కింద గూగుల్ వాళ్ళ దగ్గర ఇంకో చిట్టా పడతది. దాని పేరు మై యాక్టివిటీ. మీ మరిది గ కొడితే వచ్చేవి అందులోవే, పక్కన చిన్న గడియారం బొమ్మ ఉంటే అది ఖాయంగా పాత సెర్చే. యూట్యూబ్ కూడా అదే అకౌంట్ మీద నడుస్తది, గూగుల్లో వెతికిన దాన్నిబట్టి కూడా వీడియోలు తెచ్చి ముందు పెడతది, అందుకే భజనల ఫోన్లో గడ్డల వీడియో వచ్చింది. ఫోన్ స్క్రీన్ పక్కకి తోస్తే వార్తలు వస్తాయి చూసేరా, అక్కడ కూడా రావచ్చు, ముందే చూసుకోండి.

కాబట్టి క్రోమ్‌లో మైయాక్టివిటీ డాట్ గూగుల్ డాట్ కామ్ అని కొట్టండి. పైన వెతికే గడి ఉంటది. అందులో గర్భసంచి అని కొడితే మీరు వెతికినవన్నీ తేదీలతో సహా వచ్చేస్తాయి, అక్కడే డిలీట్ చెయ్యండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు పేరుతో ఒకసారి, డాక్టరమ్మ గారి పేరు మీద ఒకసారి వెతకండి. మొత్తం తుడిచెయ్యకండి, ఒక్కసారిగా అన్నీ ఖాళీ అయిపోతే మీ మరిదికి అనుమానం వస్తది.

ఆ ఆసుపత్రిది టింగుమన్నది మాత్రం వేరే సంగతి. అది మెసేజ్‌లా వచ్చిందా, కాల్ చేసేరా, లేక పైనుంచి దిగిందా చెప్పండి.

చెరువుగట్టు_భీమవరం
అందుకేనన్నమాట. నేను మేత రేటు ఒక్కసారి చూస్తే చాలు నెలంతా ఏరియేటర్లు, మినరల్సు, ప్రోబయోటిక్సు. చెరువులో రొయ్య కన్నా ఫోన్లో రొయ్యే ఎక్కువ కనపడతంది.

లేసుపని_నరసాపురం
పైనుంచే దిగిందండి. వాట్సాప్ కాదు, కాల్ కాదు. సైటు పేరు ఉంది, పక్కన క్రోమ్ గుర్తు ఉంది.

సెల్‌పాయింట్_తణుకు
అయితే అది నోటిఫికేషన్ పర్మిషను. ఆ సైటు తెరిచినప్పుడు అలౌ, బ్లాక్ అని అడుగుతది, చాలామంది ఏదో ఒకటి నొక్కి లోపలికి పోదామని అలౌ నొక్కేస్తారు. ఒట్టి హిస్టరీ తీస్తే ఆ పర్మిషను పోదు. ఈసారి దిగినప్పుడు దాన్ని నొక్కి పట్టుకోండి, ఆపే చోటు అక్కడే వస్తది. లేదంటే క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్, అలౌడ్ కింద ఉన్న సైట్లన్నీ చూడండి. మా దగ్గరికొచ్చే ఫోన్లలో అక్కడ లాటరీలూ లోన్లూ వరసగా ఉంటాయి, ఓనర్లకి తెలీనే తెలీదు.

మాస్టారు_అమలాపురం
అమ్మా, నేను పెద్దవాణ్ణి, ఏమీ అనుకోవద్దు. ఒంట్లో బాగోలేదన్న మాట ఇంట్లో దాచి ఫోన్లో చరిత్ర చెరుపుకోవడం ఎందుకు? అత్తగారికి చెబితే ఆవిడే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్తారు కదా. ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళ మధ్య ఈ రహస్యాలేమిటో నాకు అర్థం కావడం లేదు.

కువైట్‌లో_రాజోలు
మాస్టారూ, చెప్పనని ఆవిడెక్కడన్నారండి. రిపోర్టు వచ్చేక తనే చెబుతానన్నారు. ఏముందో తేలకముందే ఫోను చెప్పేస్తే ఇంట్లో అందరూ ఒక్కో మాట అంటారు, పిల్లలు పుడతారా అని వెతికిన సంగతి మరిది నోట అత్తగారికి తెలిస్తే ఆ ఇంట్లో ఆవిడకెలా ఉంటదో ఆలోచించండి. తన ఒంటి సంగతి ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఆవిడ ఇష్టం. నేను ఇక్కడ ఒకళ్ళ ఇంట్లో పనిచేస్తున్నా, ఫోను నాది, వైఫై వాళ్ళది, గది ఇంకో ఇద్దరితో. నాకంటూ ఉన్న చోటు ఈ ఫోను ఒక్కటే. అందుకే ఈ మాట గట్టిగా అంటున్నా, తప్పుగా తీసుకోకండి.

పాలకొల్లు_డిగ్రీ
రాజోలు అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. మా క్లాసులో అమ్మాయిల్లో సగం మందికి సొంత ఫోన్లు లేవు, అన్నల ఫోన్లో వెతుక్కోవాలి, నెలసరి గురించి ఒక ముక్క చదవాలన్నా భయమే.

మాస్టారు_అమలాపురం
కువైట్ అమ్మాయి చెప్పిన మరిది సంగతి నిజమే, ఆ కోణం నాకు తట్టలేదు. అయినా భర్తకైనా ముందు చెప్పమని నా సలహా. ఇంక ఫోను మాటకొస్తే నాకూ ఒక సందేహం ఉంది. అసలు ఈ కుకీ అంటే ఏమిటి? బ్యాంకు సైటు తెరిచిన ప్రతిసారీ ఒప్పుకోమని అడుగుతోంది.

లేసుపని_నరసాపురం
ఆయన మస్కట్‌లో ఉన్నారు మాస్టారూ. ఫోన్లో చెబితే అక్కడ నిద్రపోరు.

రూటర్_హైదరాబాద్_రాజోలోడు
కుకీ గురించి నేను చెప్తానండి మాస్టారూ, నా ఉద్యోగం నెట్‌వర్క్‌లోనే. మీరు అంతర్వేది తీర్థానికి వెళ్తే చెప్పుల స్టాండులో టోకెను ఇస్తారు చూడండి, తిరిగొచ్చి అది చూపిస్తే మీ జత ఏదో వాడికి తెలుస్తది. కుకీ అంతే. సైటు మీ ఫోన్లో ఒక చిన్న గుర్తు పెడతది, మళ్ళీ వెళ్ళినప్పుడు ఫోను ఆ గుర్తు చూపిస్తది, దాంతో మీరు లాగిన్ అయి ఉన్నారని దానికి తెలుస్తది. దీన్ని 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లి అనే ఇంజినీరు తయారుచేశాడు. అది లేకపోతే ప్రతి పేజీకీ పాస్‌వర్డ్ కొట్టాల్సిందే, కాబట్టి కుకీ అనగానే దొంగ సరుకు కాదు.

గొడవంతా థర్డ్ పార్టీ కుకీలతో. మీరు తెరిచింది వంటల సైటు, కానీ అందులో యాడ్ పెట్టిన కంపెనీ కూడా తన గుర్తు పెట్టుకుంటది. అదే కంపెనీ యాడ్ క్రికెట్ సైటులోనూ ఉంటది, ఆసుపత్రుల సైటులోనూ ఉంటది. మూడు చోట్లా ఒకే ఫోను వచ్చిందని దానికి తెలిసిపోతది. యాపిల్ వాళ్ళ సఫారీ 2020 నుంచి వీటిని మామూలుగానే ఆపేస్తోంది. క్రోమ్ కూడా ఆపేస్తామని 2020లో చెప్పి, వాయిదాలేసి, 2024లో ఆ ప్లాను మార్చుకుంది. అంటే ఆండ్రాయిడ్‌లో మనమే ఆపుకోవాలి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో థర్డ్ పార్టీ కుకీస్, బ్లాక్ పెట్టండి. ఒకటీ అరా సైట్లు మొరాయిస్తే వాటికి మాత్రం వదలండి.

చెరువుగట్టు_భీమవరం
ఈ కుకీలు రోజూ తుడిచెయ్యమని మా మేనల్లుడు చెప్తాడండి. తుడిచిన రోజల్లా రొయ్యల కౌంట్ రేట్లు, అదే కిలోకి ఎన్ని తూగితే ఎంత అనేవి, చూసే సైటు మళ్ళీ ఓటీపీ అడుగుతది, చెరువు మీద సిగ్నల్ ఉండదు, ఓటీపీ రాదు, ఇక్కడ కొనేవాడు వంద కౌంటు ఇంతకిస్తావా అని నిలబడి ఉంటాడు. రోజూ తుడవాలా అసలు?

రూటర్_హైదరాబాద్_రాజోలోడు
రోజూ అక్కర్లేదండి. పని పాడవుతది, లాభం ఏమంత ఉండదు. థర్డ్ పార్టీ ఆపేసి మిగిలినవి వదిలెయ్యండి. ఒక్క సైటు కుకీలే తియ్యాలంటే ఆ సైటు తెరిచి అడ్రస్ పక్కన గుర్తు నొక్కితే అక్కడే తియ్యొచ్చు, రేట్ల సైటు జోలికి పోనక్కర్లేదు. క్యాష్డ్ ఇమేజెస్ అని ఉంటది చూడండి, పేజీలు తొందరగా తెరుచుకోడానికి ఫోను దాచుకున్న కాపీలు, అవి తుడవడం ప్రైవసీ కన్నా జాగా కోసం. అది తుడిస్తే మళ్ళీ పేజీలన్నీ మొదట్నుంచి దిగాలి, సిగ్నల్ లేని చెరువు గట్టు మీద ఆ పని చెయ్యకండి.

సెల్‌పాయింట్_తణుకు
ఇంకో ముఖ్యమైన మాట. ఆ డిలీట్ పేజీలో కిందకి పోతే సేవ్డ్ పాస్‌వర్డ్స్ అని ఇంకో టిక్ ఉంటది. ఆల్ టైమ్ పెట్టి దానికి కూడా టిక్ పెట్టేసి ఓకే నొక్కితే దాచుకున్న పాస్‌వర్డ్లన్నీ పోతాయి. షాపుకి లబోదిబోమంటా వచ్చేవాళ్ళున్నారు. చదివి నొక్కండి బాబూ.

కోనసీమ_కుర్రోడు
ఇంత రామాయణం ఎందుకు, ఇన్‌కాగ్నిటోలో వెతికితే అయిపోయె. టోపీ కళ్ళజోడు బొమ్మ ఉంటదే, అందులో ఏం చేసినా దేవుడిక్కూడా తెలీదు.

రూటర్_హైదరాబాద్_రాజోలోడు
ఇంట్లోవాళ్ళకి తెలీదు, అంతవరకు నిజం. ట్యాబులు మూసేస్తే ఆ ఫోన్లో హిస్టరీ, కుకీలు ఉండవు. కానీ సైటుకి తెలుస్తది, సిమ్ కంపెనీకి మీరు ఏ సైటుకి వెళ్ళారో తెలుస్తది, ఆఫీసు వైఫై అయితే ఆఫీసుకి తెలుస్తది. అడ్రసు https తో మొదలయ్యే సైట్లలో లోపల ఏ పేజీ చదివారు, ఏం టైపు చేశారు అనేది మధ్యలో వాళ్ళకి కనపడదు, సైటు పేరు మాత్రం కనపడతది. మన దేశంలో సిస్టమ్ లాగ్స్, అంటే కంపెనీల సిస్టంలు రాసుకునే చిట్టాలు, 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్ ఇన్ 2022 ఏప్రిల్లోనే ఆదేశాలిచ్చింది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా మా సమాచారం సేకరించారని అమెరికాలో గూగుల్ మీద 2020లో కేసు వేశారు, 2024లో రాజీకొచ్చి వందల కోట్ల రికార్డులు నాశనం చేస్తామని ఒప్పుకున్నారు. ఇంకోటి, ఇన్‌కాగ్నిటోలోకెళ్ళి జీమెయిల్లో లాగిన్ అయితే మళ్ళీ ఆ వెతుకులాటంతా అకౌంట్ కిందే పడతది.

కువైట్‌లో_రాజోలు
అంటే మా మేడం వైఫైలో నేను ఏ సైటు చూసినా వాళ్ళకి తెలుస్తదా తమ్ముడూ? మనూరోడివే కదా, ఉన్నమాట చెప్పు.

రూటర్_హైదరాబాద్_రాజోలోడు
రూటర్‌లోకెళ్ళి చూడ్డం తెలిసినవాళ్ళయితే సైట్ల పేర్లు చూడొచ్చు అక్కా. మామూలు ఇళ్ళల్లో చూసేవాళ్ళు తక్కువ, కానీ చూడలేరని మాత్రం చెప్పను. పాస్‌పోర్టు సంగతులు, ఎంబసీ నంబర్లు ఇలాంటివి వెతకాలంటే వైఫై తీసేసి మీ సిమ్ డేటా మీద చూసుకోండి.

కువైట్‌లో_రాజోలు
సరే. ఈ మాట మా గదిలోవాళ్ళకి కూడా చెప్తాను.

లేసుపని_నరసాపురం
తణుకు అన్నయ్య చెప్పినట్టు మై యాక్టివిటీలో వెతికేను. అమ్మో, ఎప్పటెప్పటివో ఉన్నాయండి, పెళ్ళయిన కొత్తలో వెతికిన వంటలు కూడా. గడ్డల గురించినవి అన్నీ తీసేసేను. నోటిఫికేషన్ కూడా ఆపేసేను. గూగుల్లో గ కొడితే ఇప్పుడు గుమ్మడికాయ దప్పళం వస్తంది. కానీ వాట్సాప్‌లో మా చెల్లికి రాస్తా గర్భ అని కొట్టగానే కీబోర్డు మీద గర్భసంచి గడ్డలు అని తనే ఇచ్చేసింది. ఇదెక్కడిది మళ్ళీ?

పాలకొల్లు_డిగ్రీ
అది కీబోర్డు నేర్చుకున్న మాట అక్కా. జీబోర్డ్ అయితే దాని సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో డిలీట్ లెర్న్డ్ వర్డ్స్ అండ్ డేటా ఉంటది. ఒక్క మాటే తియ్యాలంటే పైన సజెషన్‌గా వచ్చినప్పుడు దాన్ని నొక్కి పట్టుకుని చెత్తబుట్ట బొమ్మ మీదకి లాగెయ్యండి. మా అన్నకి నా పరీక్ష మార్కులు తెలిసింది కీబోర్డు వల్లే, సప్లీ అని స కొడితే వచ్చేసింది.

పూతరేకు
సప్లీ 😂😂

సెల్‌పాయింట్_తణుకు
డిగ్రీ చెల్లెమ్మ మంచి పాయింటు చెప్పింది, అది నాకు గుర్తు రాలేదు. లేసుపని గారూ యూట్యూబ్‌లో ఆ వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి నాట్ ఇంట్రస్టెడ్ కొట్టండి. మీరు ఇంతకుముందు అలాంటి వీడియో ఏదైనా తెరిచుంటే వాచ్ హిస్టరీలోంచి కూడా తియ్యండి, తియ్యకపోతే మళ్ళీ వస్తది. ఇప్పుడు రెండు మూడు భజనలు పెట్టి వదిలెయ్యండి, అత్తగారి పేజీ అత్తగారికి వచ్చేస్తది.

నెట్‌సెంటర్_ముమ్మిడివరం
ఫోన్ గురించి చెప్పుకుంటున్నారు గానీ మా దగ్గర జరిగేది కూడా వినండి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ టైములో పిల్లలు వచ్చి మా సిస్టంలో జీమెయిల్ తెరుస్తారు, క్రోమ్‌లో సింక్, అంటే ఫోన్లోవీ సిస్టంలోవీ కలిపేది, ఆన్ చెయ్యమంటే ఎస్ కొట్టేస్తారు, పని అయ్యేక కుర్చీలోంచి లేచి పోతారు. తర్వాత కూర్చున్నవాడికి వాళ్ళ మెయిళ్ళు, ఇంట్లో ఫోన్లో చూసిన సైట్లు కూడా కనపడే పరిస్థితి. నేనైతే రోజూ రాత్రి షట్టర్ దించేముందు అన్ని సిస్టంలూ లాగౌట్ చేసి డౌన్‌లోడ్స్ ఖాళీ చేస్తాను, అందరూ చేస్తారని నమ్మకం లేదు. ఎక్కడైనా లాగిన్ వదిలేసి వచ్చినట్టు అనుమానముంటే ఫోన్లో గూగుల్ అకౌంట్ తెరిచి సెక్యూరిటీలో యువర్ డివైసెస్ చూడండి. మీకు తెలీని కంప్యూటర్ ఏదుంటే దాన్ని అక్కణ్ణుంచే సైనౌట్ కొట్టొచ్చు.

డౌన్‌లోడ్స్ అంటే గుర్తొచ్చింది. హిస్టరీ డిలీట్ చేసినా దిగిన ఫైళ్ళు పోవు. ఆధార్లు, మార్కుల లిస్టులు, పాస్‌బుక్కు కాపీలు అన్నీ అలాగే పడుంటాయి. లేసుపని గారికి రిపోర్టు పీడీఎఫ్‌లో వస్తే అది కూడా ఫైల్స్‌లో ఉండిపోతది, వాట్సాప్‌లో వస్తే వాట్సాప్ డాక్యుమెంట్స్‌లో ఉంటది. మీ మరిది ఆట కోసం జాగా ఖాళీ చేద్దామని ఫైల్స్ తెరిస్తే మొదట కనపడేది అదే.

లేసుపని_నరసాపురం
ఇది చాలా మంచి మాట చెప్పేరండి. ల్యాబు వాళ్ళు వాట్సాప్‌లో పంపుతామన్నారు. వద్దులే కాగితం ఇవ్వండి నేనే వస్తానని చెప్పేస్తాను.

లా_చదువు_రాజమండ్రి
ఒకే ఇంట్లో రహస్యాలేమిటన్న మాస్టారు గారి ప్రశ్నకి ఆలస్యంగా జవాబిస్తున్నా. ప్రైవసీ అనేది ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి పుట్టస్వామి కేసులో ఒకే మాటగా చెప్పింది. తర్వాత 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం వచ్చింది, 2025 నవంబర్లో రూల్స్ నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన సెక్షన్లు అమల్లోకి రావడానికి అప్పట్నుంచి 18 నెలల గడువు పెట్టారు. ఆ చట్టంలో మన సమాచారం తుడిచెయ్యమని కంపెనీని అడిగే హక్కు ఉంది. ఆసుపత్రి సైటులో ఫారం నింపి నంబరు ఇచ్చుంటే అది మన ఫోన్లో ఎంత తుడిచినా పోదు, వాళ్ళనే అడగాలి. అడిగితే మెయిల్లోనే అడగండి, రాతపూర్వకంగా ఉంటది.

మాస్టారు_అమలాపురం
ఇది తెలియదు నాయనా. సంతోషం. అయితే ఇంట్లోవాళ్ళ మీద కోర్టుకెళ్ళరు కదా ఎవరూ, అక్కడ మనిషికి మనిషి ఇచ్చుకోవలసిన మర్యాదే. మా ఆవిడ ఫోను నేను తీసి చూడను, నా ఫోను ఆవిడ చూస్తుంది, అది వేరే విషయం.

పూతరేకు
మాస్టారూ 🙏

చెరువుగట్టు_భీమవరం
మా కుర్రాడొకడు, చెరువు కాపలా ఉంటాడు, ఫోన్లో చేబదులు కోసం ఏదో లోన్ యాప్ వేసేడండి. తర్వాత బెదిరింపు ఫోన్లు, వాళ్ళావిడకి, నాకు కూడా. వాడు హిస్టరీ అంతా తుడిచేసేను బాబుగారూ, ఇంక రావు అన్నాడు. వస్తానే ఉన్నాయి. ఇదీ ఆ మై యాక్టివిటీయేనా?

సెల్‌పాయింట్_తణుకు
కాదండి, అది బ్రౌజర్ సంగతే కాదు. యాప్ వేసినప్పుడు కాంటాక్ట్స్ పర్మిషన్ ఇచ్చుంటాడు, నంబర్లన్నీ అప్పుడే వాళ్ళ దగ్గరికి పోయుంటాయి. క్రోమ్‌లో ఏం తుడిచినా లాభం లేదు. యాప్ తీసేసే ముందు స్క్రీన్‌షాట్లు తీయించండి, కాల్ నంబర్లు రాసిపెట్టించండి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, సైబర్ క్రైమ్ పోర్టల్లో కంప్లయింట్ పెట్టించండి. భయపడి మళ్ళీ డబ్బు కట్టొద్దని చెప్పండి.

చెరువుగట్టు_భీమవరం
రేపు పొద్దున్నే దగ్గరుండి చేయిస్తాను. వాడు తిండి కూడా సరిగా తినట్లేదండి.

నెట్‌సెంటర్_ముమ్మిడివరం
మెసేజులు డిలీట్ చెయ్యకుండా ఉంచమనండి. అవమానంగా ఉందని చాలామంది ముందు అవే తీసేస్తారు, తర్వాత చూపించడానికి ఏమీ ఉండదు.

కోనసీమ_కుర్రోడు
సరే నేనో మాట. లేసుపని అక్క ప్రతిసారీ ఇలా వెతికి తుడిచి వెతికి తుడిచి చేస్తారా? క్రోమ్ ఇంట్లోవాళ్ళకి వదిలేసి అక్క కోసం వేరే బ్రౌజర్ పెట్టుకుంటే?

రూటర్_హైదరాబాద్_రాజోలోడు
శభాష్, ఇది అన్నిటికన్నా మంచి దారి. ఫైర్‌ఫాక్స్ వేసుకోండి, అందులో గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వకండి. దాని కుకీలు వేరు, క్రోమ్‌వి వేరు, కాబట్టి అక్కడ వెతికింది ఇంటి అకౌంట్ మై యాక్టివిటీలో పడదు, యూట్యూబ్‌కీ పోదు. సెట్టింగ్స్‌లో డిలీట్ బ్రౌజింగ్ డేటా ఆన్ క్విట్ అని ఉంది, అది ఆన్ చేస్తే మెనూలో క్విట్ నొక్కగానే అన్నీ పోతాయి. వేలితో పక్కకి తోసేస్తే చాలదు, క్విట్ నొక్కాలి.

పాలకొల్లు_డిగ్రీ
కొన్ని ఫోన్లలో మల్టిపుల్ యూజర్స్ అని ఉంటది, మరిదికి ఒక యూజరు, అత్తగారికి ఒక యూజరు పెట్టేస్తే ఎవరి గది వాళ్ళది. శాంసంగ్ అయితే సెక్యూర్ ఫోల్డర్ అని తాళం వేసుకునే అర ఉంది. అది కూడా చూడండక్కా.

సెల్‌పాయింట్_తణుకు
మల్టిపుల్ యూజర్స్ బాగానే ఉంటది గానీ తక్కువ స్టోరేజి ఫోను అయితే నిండిపోతది, ఆట ఒక్కటే సగం తినేస్తది. ముందు ఫైర్‌ఫాక్స్‌తో మొదలెట్టండి. ఇంకా, మై యాక్టివిటీ పేజీకే తాళం పెట్టొచ్చు, మేనేజ్ మై యాక్టివిటీ వెరిఫికేషన్ అని ఉంటది, ఆన్ చేస్తే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ ఆ చిట్టా చూడలేరు. దానికి పక్కనే ఆటో డిలీట్ ఉంటది, 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు అని. 3 పెట్టుకోండి, పాతవి వాటంతటవే పోతుంటాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, యాడ్స్ కిందకెళ్ళి అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే యాడ్ల వాళ్ళు ఫోన్ని గుర్తుపట్టే నంబరు, డిలీట్ కొట్టండి, అలా డిలీట్ చెయ్యడం ఆండ్రాయిడ్ 12 నుంచి ఉంది, యాప్‌లలో వెంటపడే యాడ్లు దాంతో తగ్గుతాయి. చెరువుగట్టు గారూ, మీ ఏరియేటర్లకి మందు కూడా అదే.

చెరువుగట్టు_భీమవరం
కొట్టేసేను. ఇంక చూద్దాం ఏమొస్తాయో.

లేసుపని_నరసాపురం
ఫైర్‌ఫాక్స్ వేసుకున్నానండి, దాని గుర్తు ఫోన్లో లోపలి పేజీలో పెట్టేను. మై యాక్టివిటీకి తాళం పెట్టి ఆటో డిలీట్ మూడు నెలలు చేసేను. యూట్యూబ్ తెరిస్తే ఇప్పుడు అన్నీ భజనలూ, మరిది చూసే క్రికెట్టూ. రిపోర్టు శుక్రవారం ఇస్తామన్నారు. మాస్టారు గారి మాట కూడా ఆలోచించేను, కాగితం చేతికొచ్చిన రోజే అత్తగారికి చెప్పేస్తాను, ఆయనకి మర్నాడు. మీరందరూ ఇంతసేపు ఓపిగ్గా చెప్పేరు, మా ఊరొస్తే ఇంటికి రండి.

మాస్టారు_అమలాపురం
మంచిదమ్మా. కంగారు పడకు, మా చెల్లెలికి ఇదే వస్తే మందులతోనే నడిచింది, అందరికీ ఆపరేషన్ అవసరం పడదు. డాక్టరుగారు ఏమంటారో విను, ఫోను ఏమంటుందో వినకు.

కువైట్‌లో_రాజోలు
శుక్రవారం ఏమైందో రాయక్కా, ఎదురు చూస్తుంటాను.

ఐఫోన్_పాలకొల్లు
నా ప్రశ్న ఎవరూ చూళ్ళేదండి, ఐఫోన్‌లో ఎక్కడ?

రూటర్_హైదరాబాద్_రాజోలోడు
సారీ అండి, మధ్యలో కొట్టుకుపోయింది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో సఫారీ, కిందకి పోతే క్లియర్ హిస్టరీ అండ్ వెబ్‌సైట్ డేటా. పాత ఐఓఎస్ అయితే సెట్టింగ్స్‌లోనే సఫారీ ఉంటది. ఐక్లౌడ్‌లో సఫారీ ఆన్‌లో ఉంటే అదే అకౌంట్ ఉన్న ఐప్యాడ్‌లో హిస్టరీ కూడా పోతది, ఇంట్లో ఎవరైనా ఐప్యాడ్ వాడుతుంటే ముందు వాళ్ళకో మాట చెప్పి చెయ్యండి. మీరు వెతికేది గూగుల్లో లాగిన్ అయ్యే అయితే ఐఫోన్ అయినా మై యాక్టివిటీ సంగతి మామూలే, అది విడిగా తియ్యాలి.

ఐఫోన్_పాలకొల్లు
ఐప్యాడ్ మా అబ్బాయి దగ్గరుంది, వాడికి చెప్పే చేస్తాను. థాంక్సండి.